నవీన్‌బాబు దిగిన ఏడాది కార్తికం

2024 మే 13న ఇచ్ఛాపురంలోనూ, ఒడిశా సరిహద్దు దాటి కాస్త ముందుకెళ్తే వచ్చే బరంపురంలోనూ జనం ఒకే రోజు, ఒకే ఎండలో నిలబడి ఓట్లు వేశారు. జూన్ 4న లెక్కింపు ముగిసేసరికి సరిహద్దుకు రెండు వైపులా ప్రభుత్వాలు మారిపోయాయి. మన వైపు తీర్పులో సందేహానికి చోటు లేదు: 175 స్థానాల్లో 164 కూటమికి దక్కాయి. ఒడిశా తీర్పు అలాంటిది కాదు. 2000 మార్చి 5 నుంచి విరామం లేకుండా ముఖ్యమంత్రిగా ఉన్న నవీన్ పట్నాయక్ దిగిపోయారు. ఇంకొన్ని నెలలు ఉండి ఉంటే సిక్కిం పవన్ కుమార్ చామ్లింగ్‌ని దాటి దేశంలోనే అందరికంటే ఎక్కువ కాలం ముఖ్యమంత్రిగా పనిచేసిన వ్యక్తి అయ్యేవారు. 147 స్థానాల్లో బీజేపీకి 78, ఆయన బీజూ జనతాదళ్‌కు 51, కాంగ్రెస్‌కు 14 వచ్చాయి. ఓట్లు లెక్కేస్తే మాత్రం ఓడిన పార్టీకే పిసరంత ఎక్కువ: బీజేడీకి 40.22 శాతం, బీజేపీకి 40.07.

ఈ అంకెలు చూసిన నాటి నుంచీ నాకు ఒకటే ఆలోచన. రూపాయికి కిలో బియ్యం ఇచ్చి, తుపానుల్లో ప్రాణాలు కాపాడి, సొంతానికి ఏమీ మూటగట్టుకోలేదని పేరున్న మనిషిని జనం ఎందుకు వద్దనుకున్నారు? అదీ కోపంతో కాకుండా, ఇంత తక్కువ తేడాతో ఎందుకు దింపారు? పత్రికల్లో విశ్లేషణలు చాలానే చదివాను గానీ, ఆ నేల మీద నడిచి, ఆ మనుషులతో కూర్చుని వింటేనే తెలుస్తుందనిపించింది. అందుకే ఆ ఏడాది కార్తికంలో బయల్దేరాను. విజయనగరం దగ్గర రైలు పట్టాలు రెండుగా చీలతాయి. ఒకటి సముద్రం పక్కనుంచి బరంపురం, భువనేశ్వర్ మీదుగా హౌరాకు పోతుంది. రెండోది పార్వతీపురం, రాయగడ మీదుగా కొండల్లోంచి రాయపూర్‌కు పోతుంది. మొదటి దారిన వెళ్ళి రెండో దారిన తిరిగొచ్చాను.

పలాస వచ్చేసరికి జీడితోటల పచ్చదనం మొదలైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ ఉద్దానం కొబ్బరిని నేలకు కొట్టేసింది. అక్కడక్కడా కొత్తగా నాటిన చెట్లు ఇప్పుడు మనిషెత్తు దాటాయి. ఎడమవైపు దూరంగా మహేంద్రగిరి, దాని పాదాల దాకా పండిన వరి. ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద లిపి గుండ్రంగా మారింది. పొలం మాత్రం ఏమీ మారలేదు. అదే రకం కోతలు, అదే రకం కుప్పలు, గట్టు మీద అదే తాటిచెట్టు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం నుంచి ఈ భాగం అటు వెళ్ళింది. గీత కాగితం మీద పడింది గానీ ఇళ్ళ మధ్య పడలేదు.

బరంపురంలో ఆ సంగతి అడుగడుగునా తెలుస్తుంది. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టిన ఊరిది. పొద్దున్నే బండి దగ్గర ఇడ్లీ, ఉప్మా, గారె ఒకే ఆకులో పెట్టి, పైన బఠాణీల ఘుగునీ పోసి ఇస్తారు. ఇటు పచ్చడి, అటు ఘుగునీ. రెండు వంటిళ్ళు ఒకే ఆకులో కలిశాయి. పట్టుచీరల వీధిలో మగ్గాల చప్పుడు తగ్గింది గానీ ఆగలేదు. ఇక్కడి చీర అంచున గుడి శిఖరాల్లా వరసగా లేచే కుంభాల పని బరంపురం పట్టుకు గుర్తు. అది నేసే చేతుల్లో చాలా వరకు తెలుగు చేతులే. ఆ ఊరి గ్రామదేవత బూఢీ ఠాకురాణి జాతర పెద్దరికం కూడా వాళ్ళదే.

ఒక దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి చీరలు విప్పి చూపించిన పెద్దాయన, నేను కొనేవాణ్ణి కాదని తెలిశాక కూడా టీ తెప్పించారు. ఎన్నికల మాటెత్తితే గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు.

“నవీన్‌బాబు సెడ్డోడని ఎవులూ అనరు బాబూ. బియ్యం ఇచ్చాడు, ఆస్పత్రి కార్డు ఇచ్చాడు. గానీ మా బాధ సెప్పుకోవాలంటే ఆయన కాడికి ఎల్లేదెలాగ? మజ్జిన వేరేవోళ్ళు కూకున్నారు.”

ఆ ‘మజ్జిన వేరేవోళ్ళు’ ఎవరో ఒడిశాలో ఎవర్ని అడిగినా చెబుతారు. తమిళనాట పుట్టిన ఐఏఎస్ అధికారి వి.కె. పాండియన్ ఒకప్పుడు ఈ గంజాం జిల్లాకే కలెక్టరు. తర్వాత ముఖ్యమంత్రికి ప్రైవేటు కార్యదర్శి అయ్యారు. 2023 అక్టోబరులో ఉద్యోగం వదిలి, మరుసటి నెలలో పార్టీలో చేరి, ప్రచారమంతా భుజాన వేసుకున్నారు. ఒడియా ఆత్మగౌరవం అన్న నినాదాన్ని బీజేపీ అప్పుడే పట్టుకుంది. నేను ఆ పెద్దాయన్ని సూటిగా అడిగాను: తమిళుడైనందుకా ఈ వ్యతిరేకత? ఆయన చెయ్యి అడ్డంగా ఊపారు.

“మేం తెలుగోళ్ళం కాదేటి? తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నాం. మమ్మల్ని పరాయోళ్ళని ఎవులన్నారు? ఊరి బాస కాదు బాబూ. ఓటు అడక్కుండా కుర్చీ కాడికి వచ్చీసేడు, అదీ బాధ.”

సరిహద్దులో బతికిన మనిషి కాబట్టి అంత తేటగా చెప్పగలిగాడు. ఎన్నికల సభల్లో ఆత్మగౌరవం పేరు మీద పెద్ద పెద్ద మాటలు వినిపించి ఉండొచ్చు. ఈ అరుగు మీద మాత్రం ఆ మాటకు అర్థం ఒకటే: నేను ఎన్నుకున్న మనిషి నాకు అందుబాటులో ఉండాలి.

బరంపురం నుంచి అస్కా రోడ్డులో వెళ్తే హింజిలీ వస్తుంది. 2000 నుంచీ నవీన్ పట్నాయక్ శాసనసభకు గెలుస్తూ వచ్చిన నియోజకవర్గం. 2019లో ఇక్కడ ఆయన మెజారిటీ 60 వేలు దాటింది. 2024లో 4,636కు పడిపోయింది. గంజాం జిల్లాలోని 13 స్థానాల్లో ఆయన పార్టీకి మిగిలింది ఈ ఒక్కటే. రోడ్డుకు రెండు వైపులా వంకాయ, క్యాబేజీ మళ్ళు. నేల మంచిదే, నీరుంది, తోటపని తెలిసిన రైతులున్నారు. అయినా ఊళ్ళో పగటిపూట తిరిగితే పడుచు మగవాళ్ళు తక్కువ కనిపిస్తారు. గంజాం కుర్రాళ్ళు తరాల తరబడి సూరత్ మరమగ్గాల దగ్గరికి వెళ్తున్నారు. కొత్త డాబాలూ, వాటి మీద వేసిన మెరిసే రంగులూ సూరత్ సంపాదనే.

ఒక ఇంటి ముందు పొదుపు సంఘం ఆడవాళ్ళు కూర్చుని లెక్కలు చూసుకుంటున్నారు. 2001లో మొదలైన మిషన్ శక్తి కింద ఒడిశాలో దాదాపు 70 లక్షల మంది మహిళలు ఇలా సంఘాల్లోకి వచ్చారు. మన డ్వాక్రా చూసిన కళ్ళకు ఆ చాప, ఆ పుస్తకం, ఆ గలగల అన్నీ సొంతవే అనిపించాయి. నాకు ఒక పళ్ళెంలో మరమరాలు, కొబ్బరి ముక్కలు పెట్టారు. వాళ్ళలో పెద్దావిడ తాను ఎప్పుడూ బీజేడీ గుర్తు శంఖానికే వేశానని, ఈసారీ అదే చేశానని చెప్పింది. కొడుకు మాత్రం సూరత్ నుంచి ఫోన్ చేసి కమలానికి వెయ్యమన్నాడట. వాడి మాట ఆమె వినలేదు, కోడలు వింది. కొత్త ప్రభుత్వం సెప్టెంబరు 17న మొదలుపెట్టిన సుభద్ర పథకంలో మొదటి విడత 5,000 రూపాయలు కోడలి ఖాతాలో పడ్డాయి. అత్తాకోడళ్ళు ఆ మాట చెబుతూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు.

రాష్ట్రమంతా రెండుగా చీలిందని అంకెలు చెబుతుంటే, ఆ చీలిక ఒకే ఇంటి వసారాలో ఎంత సౌమ్యంగా ఉందో చూశాను. మన ఊళ్ళల్లో పార్టీ పేరు చెప్పి అన్నదమ్ములు మాట మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. పెళ్ళి పిలుపులు కూడా జెండా రంగు చూసి వెళ్ళే ఊళ్ళున్నాయి. ఓటు వేరైనా కంచం వేరు కాకుండా ఉండటం ఎంత పెద్ద సంస్కారమో ఆ వసారాలో తెలిసొచ్చింది.

చిల్కా దగ్గర రంభలో దిగి పడవెక్కాను. నీళ్ళు కదలకుండా పరుచుకుని ఉన్నాయి. కొండలు తలకిందులుగా నీళ్ళలో నిలబడ్డాయి. చలికాలపు పక్షులు అప్పుడప్పుడే దిగుతున్నాయి. దూరంగా తెల్లని గీతలా ఒక గుంపు లేచి మళ్ళీ వాలింది. పడవ నడిపినాయన రోజూ చేపలు పట్టేవాడే, కానీ కార్తికం నెలంతా ఇంట్లో చేప వండరట. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు ఒడిశా మొత్తం చేపలకీ మాంసానికీ సంతల మీద పడుతుందని చెబుతుంటే అతని ముఖం వెలిగిపోయింది.

తుపానుల గురించి అతను చెప్పిన సంగతులు ఎన్నికల గురించి చెప్పినవాటికన్నా ఎక్కువ. 1999 అక్టోబరు 29 నాటి పెను తుపానుకు ఒడిశాలో సుమారు పది వేల మంది పోయారు. శవాల మధ్య అప్పటి ప్రభుత్వం కూలబడిపోయింది. ఆ తర్వాతి ఎన్నికల్లోనే నవీన్ వచ్చారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఇక్కడికి దగ్గర్లోనే గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. ఇళ్ళు పోయాయి, చెట్లు పోయాయి, మనుషులు మిగిలారు. నేను వెళ్ళడానికి కొద్ది వారాల ముందు, 2024 అక్టోబరు 24 రాత్రి, దానా తుపాను భితరకనికా, ధామ్రా మధ్య తీరం దాటింది. అప్పటికి కుర్చీలో కొత్త ముఖ్యమంత్రి ఉన్నారు. అయినా అవే ఆశ్రయ కేంద్రాలు, అదే మైకు ప్రచారం, లక్షల మంది అదే పద్ధతిలో తరలింపు.

నేను పడవలో కూర్చుని దీని గురించే ఆలోచించాను. ఒక పాలకుడు వదిలి వెళ్ళగలిగిన గొప్ప ఆస్తి ఇదే: తాను లేకపోయినా నడిచే పద్ధతి. పథకానికి పేరు మారుతుంది. రైతులకిచ్చే కాలియా పథకం సీఎం కిసాన్ అయింది. పేర్ల మోజు అక్కడా ఉంది. కానీ తుపాను వేళ ఊరు ఖాళీ చేయించే విద్యకు పార్టీ రంగు అంటలేదు. దిగిపోయినవారు దాన్ని మాదేనని పట్టుకుపోలేదు, వచ్చినవారు అది వాళ్ళదని పక్కన పెట్టలేదు.

పూరీలో కార్తికం అంటే హవిష్య వ్రతం చేసే ఆడవాళ్ళ నెల. పెద్దవయసు స్త్రీలు, ఎక్కువమంది భర్త పోయినవాళ్ళు, నెలపాటు అక్కడే ఉండి ఒంటిపూట భోజనం చేస్తారు. తులసి చుట్టూ మురుజ అనే రంగుపొడితో ముగ్గులు వేస్తారు. ఒకావిడ వేళ్ళ సందులోంచి పొడి జార్చుతూ వేస్తుంటే గీత ఎక్కడా తెగలేదు. ముందు నల్లపొడితో హద్దు, లోపల తెలుపు, చివరకు పసుపు. మధ్యలో నా నీడ ముగ్గు మీద పడితే కోప్పడకుండా, ఇటు వచ్చి కూర్చోమని పక్కన చోటు చూపించింది.

జగన్నాథుడి గుడికి నాలుగు ద్వారాలు: తూర్పున సింహం, దక్షిణాన గుర్రం, పడమట పులి, ఉత్తరాన ఏనుగు. కరోనా కాలం నుంచి భక్తులకు సింహద్వారం ఒక్కటే తెరిచి ఉంచారు. మహమ్మారి పోయినా మిగతా మూడూ పూర్తిగా తెరుచుకోలేదు. కొత్త ప్రభుత్వం జూన్ 12న ప్రమాణం చేసి, ఆ రాత్రే నిర్ణయం తీసుకుని, మర్నాడు పొద్దున నాలుగు ద్వారాలూ తెరిపించింది. రత్నభాండాగారాన్ని జూలై 14న తెరిచారు. అంతకుముందు లోపలి సంపదకు పూర్తి జాబితా రాసింది 1978లో. దాని తాళంచెవి కనిపించడం లేదన్న సంగతి 2018లో బయటపడినప్పటి నుంచీ ఆ గాయం జనంలో మానలేదు.

బయటివాళ్ళకు ఇవి చిన్న సంగతులుగా కనిపించవచ్చు. తిరుమల గురించి ఒక్క మాట పొల్లు పోతే తెలుగువాళ్ళం ఎలా ఉలిక్కిపడతామో గుర్తుచేసుకుంటే వాళ్ళ బాధ అర్థమవుతుంది. పశ్చిమ ద్వారం దగ్గర ఉండే ముసలాయన రోజూ దర్శనానికి చుట్టూ తిరిగి తూర్పుకు రావలసి వచ్చింది. ఆయన ఎవరికి చెప్పుకోవాలి? చెప్పినా వినేదెవరు? బరంపురం అరుగు మీద విన్న ఫిర్యాదే ఇక్కడ గుడి గోడల దగ్గర మళ్ళీ వినిపించింది.

ఆనందబజారులో మహాప్రసాదం తిన్నాను. మట్టి కుండల్లో అన్నం, డాల్మా, కూర, పాయసం. కొనేముందు కాస్త చేతిలో వేసి రుచి చూడమంటారు. నేల మీద ఆకు వేసుకుని ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు, కులం అడిగే పని లేదు. నా పక్కన కూర్చున్న కుటుంబం తమ కుండలోంచి నా ఆకులో అన్నం వడ్డించింది. మహాప్రసాదం ఒకరికి పెట్టకుండా తినకూడదని వాళ్ళ నియమం. నేనూ నా కుండలోంచి వాళ్ళకు పెట్టాను.

కార్తిక పౌర్ణమి తెల్లవారుజాము భువనేశ్వర్‌లో బిందుసాగరం గట్టున గడిచింది. చీకటి ఉండగానే వేల మంది చేరారు. అరటి దొప్పల పడవలు, బెండు పడవలు, కాగితం పడవలు. ప్రతి దాంట్లో దీపం, తమలపాకు, వక్క. పూర్వం బాలి, జావా, సుమత్రాలకు ఓడలెక్కి వెళ్ళిన సాధవ వర్తకుల జ్ఞాపకం అది. మన ఆడవాళ్ళు పోలి స్వర్గం నాడు అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. ఇక్కడ అవే దొప్పలు, అవే దీపాలు, కథ మాత్రం వేరు. మన పోలి స్వర్గానికి వెళ్తుంది, వాళ్ళ సాధవుడు సముద్రం మీదికి వెళ్తాడు. ఒక చిన్నపిల్ల వదిలిన దీపం గాలికి ఆరిపోతే, పక్కనున్న తెలియని మనిషి తన దీపంతో వెలిగించి నీళ్ళలోకి తోశాడు.

భువనేశ్వర్‌లో ఎన్నిక ఎంత దగ్గరగా జరిగిందో చెప్పడానికి అందరూ ఒక సంఖ్య చెబుతారు. భువనేశ్వర్ సెంట్రల్‌లో బీజేడీ అభ్యర్థి గెలిచింది 37 ఓట్లతో. రాష్ట్రం మొత్తం మీద రెండు పార్టీల మధ్య తేడా నలభై వేల ఓట్ల లోపే. లోక్‌సభ ఓట్లలో బీజేడీకి 37 శాతం పైగా వచ్చినా 21 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. 20 బీజేపీకి, ఒకటి కాంగ్రెస్‌కు. ఒకే రోజు, ఒకే గదిలో, రెండు యంత్రాల ముందు నిలబడి, ఒకదానిలో శంఖం, రెండోదానిలో కమలం నొక్కినవాళ్ళు లక్షల్లో ఉన్నారన్నమాట. అది గందరగోళం కాదు. ఎవరికి ఏ పని అప్పగించాలో జనం విడదీసి ఆలోచించారు.

నవీన్ పట్నాయక్ 24 ఏళ్ళూ తన సొంత ఇంటి నుంచే పాలించారు. దాంతో కొత్త ముఖ్యమంత్రికి ఇవ్వడానికి సిద్ధంగా ఒక అధికార నివాసం కూడా లేకపోయింది. సర్కారు సొమ్ముతో ఇల్లు వద్దనుకోవడం ఒకవైపు నుంచి చూస్తే నిరాడంబరత. మరోవైపు నుంచి చూస్తే, ప్రభుత్వమంతా ఒక ఇంటి గేటు వెనక్కి వెళ్ళిపోవడం. కియోంఝర్ నుంచి వచ్చిన సంతాల్ ఆదివాసీ, ఒకప్పటి సర్పంచ్ మోహన్ చరణ్ మాఝీ ముఖ్యమంత్రి అయ్యాక, జూలై మొదటి తేదీన జనం ఫిర్యాదులు స్వయంగా వినడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళందరి పనీ అయిపోయిందని నేను అనను. కానీ బిందుసాగరం గట్టున నాతో మాట్లాడిన ఒక రిటైర్డు మాస్టారు, “మా అర్జీ తీసుకున్న చెయ్యి కనిపించింది” అన్నారు. ఆయన ఓటు శంఖానికే పడిందని కూడా ఆయనే చెప్పారు.

అధికారం చేతులు మారిన తీరు నన్ను ఇంకా ఆలోచింపజేసింది. జూన్ 12న జనతా మైదానంలో మాఝీ ప్రమాణం చేస్తుంటే, ఓడిన నవీన్ వచ్చి వేదిక మీద కూర్చున్నారు. ప్రధాని సహా గెలిచినవాళ్ళంతా ఆయన్ని ఎదురెళ్ళి పలకరించారు. కొద్ది రోజులకు శాసనసభలో, తాను పోటీ చేసిన రెండో స్థానం కంటాబంజిలో తనను ఓడించిన లక్ష్మణ్ బాగ్ నమస్కరిస్తే, నన్ను ఓడించింది మీరేనా అంటూ లేచి నిలబడి అభినందించారు. అదే జూన్ 12 ఉదయం మన రాష్ట్రంలోనూ ప్రమాణస్వీకారం జరిగింది. ఓడిన ముఖ్యమంత్రి వచ్చి గెలిచినవారి ప్రమాణం చూసిన దృశ్యం మన రెండు రాష్ట్రాల్లో ఇటీవల ఏ మార్పులోనూ నేను చూడలేదు. ఏ ఒక్క పార్టీనో అనడం లేదు. అందరిలోనూ లోపించిన గుణం అది. ఇక్కడ ఓటమి అవమానంగా, గెలుపు పగ తీర్చుకునే అవకాశంగా మారిపోయింది. నూరుమందిలో నలభై మంది చొప్పున అటూ ఇటూ నిలబడిన చోట, గెలిచినవాడు ఓడినవాణ్ణి గౌరవించడమంటే ఆ నలభై మందిని గౌరవించడమే.

కటక్‌లో బాలియాత్ర సందడి, దహీబరా ఆలూదమ్ రుచి, పౌర్ణమి మర్నాడు చేపల బజారులో ఛాడఖాయి తొక్కిసలాట చూసుకుని పడమటికి రైలెక్కాను. సంబల్‌పూర్ దాటి బలంగీర్ వైపు తిరిగేసరికి ఒడిశా ఇంకొక ముఖం చూపించింది. కొబ్బరిచెట్టు మాయమై ఇప్పచెట్టు వచ్చింది. నేల ఎర్రబడింది. చెరువులు కార్తికానికే అడుగంటుతున్నాయి. వరి ఉంది, కానీ గట్టు పక్కనే బీడు కూడా ఉంది. మండీలు తెరవబోతున్నారు. క్వింటాలుకు ఆ ఏటి కేంద్ర మద్దతు ధర 2,300కు రాష్ట్రం 800 కలిపి 3,100 ఇస్తామన్న హామీ గురించి ప్రతి టీకొట్టులోనూ మాటే. తూకంలో కోతపెట్టే కట్ని-ఛట్ని ఆగుతుందా లేదా అన్నదే రైతుల అసలు ప్రశ్న.

రాణిపూర్ ఝరియల్‌లో బండరాతి గుట్ట మీద చౌసట్ యోగిని ఆలయం ఉంది. కప్పు లేని గుండ్రటి గుడి. గోడ లోపలివైపు చుట్టూ యోగినులు నృత్యభంగిమల్లో నిలబడి ఉంటారు. వెయ్యేళ్ళకు పైబడిన ఆ రాళ్ళ మధ్య నిలబడితే చుట్టూ నేల ఎంత పురాతనమో, ఎంత సంపన్నంగా ఉండేదో తెలుస్తుంది. ఇలాంటి గుడి కట్టగలిగిన నేల నుంచి ఇవాళ జనం మూటలు కట్టుకుని వెళ్ళిపోతున్నారు.

వాళ్ళు వెళ్ళేది కంటాబంజి స్టేషన్ నుంచి. వెళ్ళేది మన దగ్గరికి.

నువాఖాయి పండక్కి, కొత్త బియ్యం దేవుడికి పెట్టే రోజుల్లో, కూలీలను కుదిర్చే సర్దార్లు వచ్చి బయానా ఇస్తారు. భర్త, భార్య, ఒక పిల్లో పిల్లాడో కలిస్తే ఒక పాథురియా. లెక్క మనిషికి కాదు, పాథురియాకు. పంట చేతికొచ్చాక, లేదా రాలేదని తేలాక, రైలెక్కి పెద్దపల్లి, యాదాద్రి, రంగారెడ్డి జిల్లాల ఇటుక బట్టీలకు చేరతారు. వానలకు ముందు తిరిగొస్తారు. ఇదేం కొత్త సంగతి కాదు. ఒడిశా దాదన్ (బయానా) కూలీల కష్టాలే 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టానికి కారణం.

ప్లాట్‌ఫామ్ మీద వరసగా కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. ప్రతి కుటుంబం ముందూ అవే సరుకులు: బియ్యం మూట, నల్లబడిన అల్యూమినియం గిన్నెలు, చుట్టిన చాప, తాడు కట్టిన ప్లాస్టిక్ డబ్బా. పదేళ్ళు ఉంటాయేమో, ఒక పిల్లాడు నా ఫోన్ మాటలు విని దగ్గరికొచ్చాడు.

“అన్నా, మీరు హైదరాబాద్‌కెళ్ళి వచ్చిండ్రా?”

తెలుగు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

“పోయినేడు పెద్దపల్లి పోయినం. ఈసారి ఏడికో సర్దార్ చెప్పలే. ఇటుకలు తిప్పుడు నాకొస్తది.”

తిప్పడం ఎలాగో చేతులతో చూపించాడు. పచ్చి ఇటుక ఒక పక్క ఆరాక రెండు అరచేతుల మధ్య అంచులు చెదరకుండా పట్టుకుని నిలువుగా నిలబెట్టాలి. గట్టిగా పడితే వేలిముద్ర పడుతుంది, మెల్లగా పడితే జారి విరుగుతుంది. వాడి చేతులకు ఆ బరువు ఎంతో తెలుసు. వాళ్ళమ్మ నాకు చోటిచ్చి, పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. పోయినేడు బట్టీ దగ్గర ఒడియా బడి ఉందని, వాడు కొన్నాళ్ళు వెళ్ళాడని చెప్పింది. లెక్క చూసినప్పుడు మాత్రం యజమాని చెప్పిందే లెక్కట. సుభద్ర డబ్బు వచ్చిందా అని అడిగితే తలూపింది. మరి ఎందుకు వెళ్తున్నారంటే, “బయానా తిన్నాం కదా” అంది.

ఇక్కడే 2024లో నవీన్ పట్నాయక్ రెండో స్థానంగా పోటీ చేసి 16,344 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆయన నిలబడ్డ రెండు చోట్లూ వలసల నేలలే కావడం నాకు యాదృచ్ఛికంగా అనిపించలేదు. హింజిలీ నుంచి సూరత్‌కు, కంటాబంజి నుంచి తెలుగు నేలకు. కడుపు నింపిన ప్రభుత్వం కాళ్ళను ఆపలేకపోయింది. బియ్యం ఇంటికి చేరింది, కానీ ఇంట్లో మనిషి నిలవలేదు. ఓడిపోవడానికి మిగతా కారణాలెన్నో ఉండొచ్చు. ఈ ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే ఇదొక్కటే కనిపిస్తుంది. ఓటేసి ప్రభుత్వాన్ని మార్చిన అయిదారు నెలలకే వాళ్ళు మళ్ళీ అదే రైలుకోసం ఎదురుచూస్తున్నారు. కొత్త ప్రభుత్వాన్ని కొలవాల్సింది కూడా ఇక్కడే, ఈ స్టేషన్‌లో ఏటా కార్తికం వెళ్ళాక కూర్చునే జనాన్ని చూసి.

టిట్లాగఢ్, కెసింగా, మునిగుడా దాటి కొండల్లోంచి రైలు రాయగడ వచ్చింది. ప్లాట్‌ఫామ్ మీద మళ్ళీ తెలుగు, మళ్ళీ ఇడ్లీ. పెట్టెలో సగం మంది కంటాబంజి వైపు నుంచి ఎక్కినవాళ్ళే. విజయనగరంలో నేను దిగాను. వాళ్ళు ముందుకు వెళ్ళారు.

ఒడిశా ఓటరు చెప్పిన మాట నాకు అర్థమైనంతలో ఇది: ఇచ్చే చెయ్యి ఉంటే చాలదు, వినే చెవి కూడా ఉండాలి. ఆ మాట పగతో కాదు, మర్యాదగా చెప్పాడు. ఓడినవారూ అంతే మర్యాదగా విన్నారు. అయితే కంటాబంజి మనిషి ఏడాదిలో సగం మన మధ్య బతుకుతాడు. అతని మాట వినాల్సిన బాధ్యత భువనేశ్వర్‌కు ఎంతుందో హైదరాబాద్‌కూ, మనకూ అంతే ఉంది. అతనికి ఇక్కడ ఓటు లేదు కాబట్టి మన నాయకులు అతని గురించి అడగరు. ఓటున్న మనం అడగాలి. మీ ఊరి పొలిమేరలో ఇటుక బట్టీ ఉంటే ఈ చలికాలం ఒకసారి వెళ్ళండి. పిల్లలకు బడి ఉందా, తల్లులకు తాగేనీరూ వైద్యమూ అందుతున్నాయా, లెక్క చూసే రోజున కూలి సరిగా చేతికి వస్తోందా అని కనుక్కోండి. లేకపోతే మీ ఎమ్మెల్యేను, మీ కార్మిక శాఖ అధికారిని అడగండి. మనం ఉంటున్న ఇళ్ళ గోడల్లో ఆ పిల్లల చేతులు తిప్పిన ఇటుకలున్నాయి.